పేరు పక్కన ప్రశ్నార్థకం

నామధేయ నమోదు సంచాలకాలయం అంటే రాష్ట్రంలో పుట్టిన ప్రతి బిడ్డ పేరునీ రికార్డుకెక్కించే ఆఫీసు. పేరు పెట్టేది అమ్మానాన్నలే అయినా, ఈ ఆఫీసు రికార్డులో ఎక్కేదాకా ఆ పేరు పిలుచుకోవడానికి తప్ప ఎందుకూ కొరగాదు. బడిలో చెల్లదు, ఆస్పత్రిలో చెల్లదు, ఆ బిడ్డ పెరిగి పెద్దదై ఇదే ఆఫీసులో ఉద్యోగానికి దరఖాస్తు పెట్టుకున్నా చెల్లదు. అంతటి ఆఫీసుకి సొంతంగా మూడంతస్తుల మేడ ఉంది. మేడలో ఒక లిఫ్టు, ఆ లిఫ్టు పనిచేయదని తెలియజేసే ఒక ఇత్తడి పలక ఉన్నాయి. పలకని ప్రతి శుక్రవారం చింతపండు పెట్టి తోముతారు కాబట్టి అది మాత్రం ధగధగలాడుతూ ఉంటుంది.

ఆ లిఫ్టు ఎక్కకుండానే రోజూ రెండో అంతస్తుకి చేరుకునేవాళ్లలో నాగమంజరి ఒకతె. ఏజెన్సీ తరఫున వచ్చిన ప్రోగ్రామరు. ఏజెన్సీ మనుషులకి ఆ ఆఫీసులో పని ఉంటుంది, హాజరుపట్టీలో పేరుండదు. కుర్చీ ఉంటుంది, కుర్చీ వెనక తెల్ల పెయింటుతో రాసే నంబరుండదు. నంబరు లేని కుర్చీని ఎవరు పట్టుకుపోయినా అడిగే నాథుడుండడు గనుక, భోజనానికి వెళ్లేటప్పుడు మంజరి దాన్ని పాత చున్నీతో బల్ల కాలికి కట్టేసి వెళ్తుంది. ఈ కథ మొదలయ్యేనాటికి ఆమెకి ఏడో నెల.

ఆమెని పిలిపించింది పాత ప్రోగ్రాముకి ఉన్న జబ్బు కుదర్చడానికి. పేరు గడి ఖాళీగా కనిపిస్తే చాలు, అది ఉన్నచోటే నిలబడిపోతుంది. మన దగ్గర పిల్లలు పేరుతో సహా పుట్టరన్న సంగతి దాన్ని రాసిన మహానుభావులకి ఎవరూ చెప్పలేదు కాబోలు. పదకొండో రోజో ఇరవై ఒకటో రోజో బారసాల చేసి, పళ్లెంలో బియ్యం పోసి, ఉంగరంతో పేరు రాసి, చెవిలో మూడుసార్లు చెబితే గానీ మనకి పేరు రాదు. ఆస్పత్రి వాళ్లేమో పుట్టిన రోజునే వివరాలు ఎక్కించాలి. పాపం ఆ గుమస్తా ఏం చేస్తాడు? వెనక క్యూ అరుస్తుంటే చేతికొచ్చింది కొడతాడు. అలా రికార్డులో 'పాప'లూ 'బాబు'లూ వేలల్లో పోగుపడ్డారు. 'అడిగి చెప్తారట' అనే పేరున్న మగపిల్లలు పదిహేడు మంది ఉన్నారు. ఒక ఊళ్లో ముగ్గురు ఆడపిల్లలు 'సోమవారం రండి' అనే పేరుతో అంగన్‌వాడీకి వెళ్తున్నారు. వాళ్లు మంగళ, బుధవారాలు కూడా బుద్ధిగానే వెళ్తున్నారని అంగన్‌వాడీ టీచరు రాసింది.

నవ్వుకోవడానికి బాగానే ఉంటుంది గానీ, పడ్డవాళ్ల అవస్థ వేరు. ఖాళీ గడిలో మొదటిసారి పేరు రాయించుకోవడానికి ఒక కాగితం, ఒక పూట చాలు. అదే, ఒకసారి ఎక్కిన పేరు మార్చుకోవాలంటే గెజిట్‌లో ప్రకటన, రెండు పేపర్లలో ప్రకటన, నోటరీ, పోలీసు విచారణ, ఆపైన దైవానుగ్రహం. అందుకే మంజరికి పట్టుదల. తన కడుపులో ఉన్న బిడ్డ కూడా మరో రెండు నెలల్లో ఇదే గడి ముందుకొస్తుంది. పేరు కుదిరేదాకా ఆ గడి ఖాళీగా ఉండనిచ్చే ప్రోగ్రాము రాసి తీరాలి, తన బిడ్డ 'సోమవారం రండి' కాకూడదు. ఆమె కోరిక ఇంతే.

సరిగ్గా అప్పుడే పైనుంచి సర్క్యులర్ ఒకటి దిగింది. కార్యదర్శి గారు సముద్రపు ఒడ్డున ఉన్న హోటల్లో నాలుగు రోజుల సదస్సుకి వెళ్లి, ఎండకి కాస్త నల్లబడి, బోలెడంత ఉత్సాహంతో తిరిగొచ్చారు. ఉత్సాహం చల్లారక ముందే సంతకం చేశారు. 'ప్రస్తుత సంవత్సరమును నవీన భాషా వినియోగ సంవత్సరముగా ప్రకటించడమైనది. ఇకమీదట అన్ని ప్రోగ్రాములును ప్రోగ్రామింగు భాష యొక్క పన్నెండవ వెర్షనులోనే రాయవలెను. పాత వెర్షను వాడినవారిపై కఠిన చర్య తీసుకొనబడును' అని అందులో ఉంది.

మంజరి ఎగిరి గంతేసినంత పని చేసింది. ఏడో నెల కాబట్టి వెయ్యలేదు. ఎందుకంటే పన్నెండో వెర్షన్లో ఆమెకి కావలసిన సదుపాయం ఉంది. 'పేరు' అని రాసి పక్కన చిన్న ప్రశ్నార్థకం పెడితే చాలు. 'ఈ గడి ఖాళీగా ఉన్నా ఉండొచ్చు, కంగారుపడి ఆగిపోకు' అని యంత్రానికి నచ్చజెప్పినట్టు.

చిక్కల్లా ఎడిటర్‌తో వచ్చింది. ఎడిటర్ అంటే మనిషి కాదు, ప్రోగ్రాములు రాసుకునే సాధనం, మనకి నోటుపుస్తకం లాంటిది. ఆఫీసులో ఉన్నది పదేళ్ల కిందటిది, దానికి ఏడో వెర్షను దాకానే వచ్చు. కొత్త ఎడిటర్ తెచ్చుకుందామంటే పాతదాన్ని ముందు కండెమ్ చేయాలి, అంటే పనికిరాదని రాసి కొట్టేయాలి. దాన్ని కొన్ననాడు స్టాకు రిజిస్టర్లో 'ఫర్నిచరు' పద్దు కింద రాశారట. ఫర్నిచరు పదిహేనేళ్లు నిండితే గానీ కండెమ్ కాదు. విరిగిందని చూపిస్తే ముందే చేస్తారు గానీ, ఎడిటర్‌ని ఎక్కడ విరగ్గొట్టాలో ఎవరికీ తెలియలేదు.

అయితే మంజరి దగ్గర ఉపాయం లేకపోలేదు. రాసినదాన్ని యంత్రం భాషలోకి మార్చేది కంపైలరు. అది పైసా ఖర్చు లేకుండా కొత్తది దొరికింది. పాత ఎడిటర్‌లోనే కొత్త భాష రాసింది. ఎడిటర్‌కి అర్థంకాక, తెలియని ప్రతి ముక్క కిందా మెలికల ఎర్రగీత గీసింది. గీసుకుంటే గీసుకుంది, కంపైలరు మాత్రం మారు మాట్లాడకుండా తీసుకుంది. పేరు గడి ఖాళీగా వదిలేసి మంజరి మీట నొక్కింది. ప్రోగ్రాము ఆగలేదు. 'నమోదైనది, పేరు తరువాత' అని చూపించి, బుద్ధిగా తర్వాతి బిడ్డకోసం ఎదురుచూసింది. ఆ రోజు మంజరి రెండు పెరుగన్నం డబ్బాలు తిన్నది.

కథ ఇక్కడితో సుఖాంతం కావలసింది. కానీ ఆఫీసన్నాక సూపరింటెండెంటు ఉంటాడు.

ఆయన పేరు పేరయ్య. ఈ ఆఫీసుకి వచ్చాక పెట్టుకున్నది కాదు, తల్లిదండ్రులు పెట్టిందే. ముప్పై ఏళ్ల సర్వీసులో ఏ ఫైలూ చదవలేదు గానీ, ఏ ఫైల్లో ఏ రంగు సిరా ఎక్కడుందో కళ్లు మూసుకుని చెప్పగలడు. మంజరి వెనగ్గా వచ్చి నిలబడి, తెర మీదికి వంగి చూసి, రెండడుగులు వెనక్కి వేశాడు.

"ఏంటమ్మాయ్ ఇది? ఎర్రసిరా ఎవరు వాడారు?"

"సిరా కాదండీ. ఎడిటర్‌కి కొత్త భాష రాదు, అందుకని గీస్తోంది. ప్రోగ్రాములో తప్పేం లేదు, చక్కగా నడుస్తోంది."

"నడవడం కాదమ్మా ప్రధానం. గుమస్తాకి నీలం, గెజిటెడ్ ఆఫీసరుకి ఆకుపచ్చ, ఆడిట్‌కి ఎరుపు. ఇది రూలు. ఆడిట్ వాళ్లు తప్ప ఈ మేడలో ఎరుపు ముట్టుకున్న మగాడు లేడు. నేను నా కూతురి శుభలేఖ మీద కూడా ఎర్రక్షరాలు వేయించలేదు, తెలుసా? ఎవరీ ఎడిటర్? ఏ గ్రేడు?"

"సాఫ్ట్‌వేరండీ."

"సాఫ్ట్‌వేరు గ్రేడు మన దగ్గర లేదే!" అని పేరయ్య నిజంగానే బాధపడ్డాడు. ఆయన బాధపడితే కాగితం పుడుతుంది. సాయంత్రానికల్లా మెమో తయారైంది. 'శ్రీ/శ్రీమతి ఎడిటర్ గారు ఆడిట్ విభాగమునకు చెందనివారై యుండియు, ఎర్రసిరాను యథేచ్ఛగా వినియోగించుచున్నట్లు ఈ కార్యాలయము దృష్టికి వచ్చినది. ఏడు దినములలోగా సంజాయిషీ సమర్పించనియెడల, చెప్పుకొనుటకు ఏమియు లేదని భావించి తదుపరి చర్య తీసుకొనబడును.'

మెమో అందుకున్నట్టు సంతకం పెట్టడానికి ఎడిటర్ నిరాకరించింది. అలాంటప్పుడు నివాసం తలుపుకి అంటించాలని రూలు ఉంది. పేరయ్య ఇద్దరు సాక్షుల సమక్షంలో బంక రాసి, మెమోని మానిటర్ తెర మీద కింది సగానికి అంటించాడు. ఆ సాక్షుల్లో మంజరి ఒకతె. తర్వాత వారం రోజులూ ఆమె పై సగంలోనే ప్రోగ్రాము రాసుకుంది.

ఎనిమిదో రోజున పేరయ్య వచ్చి తెర వైపు చూశాడు. గీతలు అలాగే ఉన్నాయి, జవాబు లేదు.

"చూశావా పొగరు!" అన్నాడు.

విషయం మీటింగుకి వెళ్లింది. డైరెక్టరు గారు మధ్యలో, డిప్యూటీ డైరెక్టరు సర్వోత్తమరావు గారు కుడి పక్క, జీడిపప్పు పళ్లెం ఎడమ పక్క కూర్చున్నాయి. సర్వోత్తమరావు గారు ఆ మేడలో ఆకుపచ్చ సిరా వాడే హక్కున్న ఇద్దరిలో ఒకరు. డైరెక్టరు గారు ఎప్పుడూ టూరులో ఉంటారు కాబట్టి ఆచరణలో ఒకే ఒక్కరు. ఆ పెన్నుని ఆయన చొక్కా జేబులో బయటికి కనిపించేలా పెట్టుకుంటారు. మంజరికి కుర్చీ చూపించలేదు. ఆమెదొకటి కిందుంది కదా, నంబరు లేనిది.

"కార్యదర్శి గారి ఆదేశం మేరకు నవీన భాష వాడి తీరాలి," అన్నారు సర్వోత్తమరావు. "నవీన భాష వాడితే ఎర్రగీత వస్తుంది. ఎర్రగీత ఉంటే అభ్యంతరం ఉన్నట్టు. అభ్యంతరం ఉన్న ఫైలుని ఆమోదించలేము. ఆమోదించకపోతే ఆదేశాన్ని ధిక్కరించినట్టు. ఇది తీవ్రంగా పరిశీలించదగిన అంశం, సార్."

డైరెక్టరు గారు తీవ్రంగా ఒక జీడిపప్పు పరిశీలించారు.

మంజరికి నడుం నొప్పెడుతోంది. ఎంత తొందరగా బయటపడితే అంత మేలనుకుంది. ఆ తొందరలో నోరు జారింది. "సార్, ఆ గీత రంగు మార్చుకోవచ్చు. సెట్టింగుల్లో ఉంటుంది. ఏ రంగు కావాలంటే ఆ రంగు."

ఆ మాటకి, ఫైలు పట్టుకుని నిలబడ్డ పేరయ్యతో సహా ముగ్గురూ ఒకేసారి మాట్లాడారు. నీలం పెడితే గుమస్తా స్థాయిలో అభ్యంతరం ఉన్నట్టవుతుందని పేరయ్య అన్నాడు. నలుపు టైపుకి సంబంధించిన రంగని డైరెక్టరు గారు అన్నారు. సర్వోత్తమరావు గారు మాత్రం తన జేబులోని పెన్నుని ఆప్యాయంగా తడిమి, "ఆకుపచ్చకి అభ్యంతరం చెప్పే అధికారం ఎవరికీ లేదు," అన్నారు.

అలా ఎర్రగీతలన్నీ ఒక్క మధ్యాహ్నంలో ఆకుపచ్చగా మారాయి. నిన్నటిదాకా సంజాయిషీ ఇచ్చుకోవలసిన ఎడిటర్ ఇవాళ గెజిటెడ్ హోదాకి వచ్చింది. పేరయ్య తడిగుడ్డతో తెర మీది మెమోని తనే స్వయంగా, మర్యాదగా ఊడదీశాడు. ఆ రోజునుంచి తెర ముందు చెప్పులు విడిచి నిలబడేవాడు.

అయిపోయిందని మంజరి ఊపిరి పీల్చుకుంది. మర్నాడు ప్రోగ్రాము మొత్తం కాగితాల మీదికి తీయించి సర్వోత్తమరావు గారికి పంపింది. మూడోనాడు తిరిగొచ్చింది. మార్జిన్‌లో ఆయన ముత్యాల్లాంటి అక్షరాలు ఉన్నాయి. 'ఆకుపచ్చ గీత గల వాక్యములు గెజిటెడ్ ధ్రువీకరణ పొందినవిగా గమనించితిని. సంతోషము. గీత లేని వాక్యములు మూడు వేల రెండు వందల పదకొండు కలవు. ధ్రువీకరణ లేని వాక్యములు ప్రభుత్వ ప్రోగ్రామునందు ఏ ప్రాతిపదికన ఉన్నవి?'

మంజరి పరుగున వెళ్లింది, ఎనిమిదో నెలలో ఎంత పరుగెత్తగలిగితే అంత. "సార్, గీత లేని వాక్యాలంటే ఎడిటర్‌కి అర్థమైనవి సార్. అవి సరిగ్గా ఉన్నట్టు లెక్క."

"ఎవరికో అర్థమైతే సరిపోతుందా అమ్మా? ధ్రువీకరణ ఉండాలి కదా," అని ఆయన ఎంతో ఓపికగా చెప్పారు. "ప్రతి వాక్యం కిందా గీత రావాలి. లేదా వాక్యం తీసేయాలి. నేను రెండు మార్గాలూ చూపించాను."

ఆమె తిట్టుకుంది. ఆయన్ని తిట్టుకుంది, ఏజెన్సీని తిట్టుకుంది, రంగుల సంగతెత్తిన తన నోటిని మరీ మరీ తిట్టుకుంది. కానీ ఏం చేస్తుంది? ప్రోగ్రాము ఆమోదం పొందకపోతే ఆస్పత్రుల్లో పాతదే నడుస్తుంది. పాతది నడిస్తే తన బిడ్డకి ఏ గుమస్తా నోట్లో ఉన్న మాట పేరవుతుందో తెలియదు. కూర్చుని, రెండూ రెండూ కూడే వాక్యంలో కూడా పన్నెండో వెర్షన్ సొగసు ఒకటి ఇరికించింది. తిన్నగా నడిచే ప్రతి వాక్యానికీ ఒక మెలిక తగిలించింది. సాయంత్రాలు భర్త దొరబాబు స్కూటర్ మీద తీసుకెళ్లడానికొచ్చి కిందనుంచి హారన్ కొడుతుంటే, "ఇంకో పదకొండు గీతలున్నాయి," అని కిటికీలోంచి అరిచేది. నెల తిరిగేసరికి ప్రోగ్రామంతా ఆకుపచ్చగా, వరిచేనులా కళకళలాడింది.

ప్రోగ్రాము ఆమోదం కోసం డైరెక్టరు గారి టేబుల్ మీదికెక్కిన నాడే మంజరికి నొప్పులొచ్చాయి. ఆమెని ఆటోలో ఎక్కిస్తుండగా రెండో అంతస్తు కిటికీలోంచి పేరయ్య తల బయటపెట్టి, "అమ్మాయ్, డైరెక్టరు గారు ప్రశ్నార్థకాలు లెక్కపెట్టించారు. మూడొందల పన్నెండున్నాయట! వాటి సంగతేంటి?" అని అడిగాడు. మంజరి చెప్పిన జవాబు ఇక్కడ రాయడానికి వీల్లేదు.

ఆమె వెళ్లాక జరిగిందిది. ప్రభుత్వ ప్రోగ్రాము జవాబులివ్వాలి గానీ ప్రశ్నలడగడమేమిటని డైరెక్టరు గారు విస్తుపోయారు. అడిగిన ప్రతి ప్రశ్నకీ ముప్పై రోజుల్లో జవాబివ్వకపోతే సమాచార హక్కు కింద జరిమానా పడుతుందని సర్వోత్తమరావు గారు గుర్తు చేశారు. మూడు వందల పన్నెండు ప్రశ్నలకీ ఇన్‌వార్డు నంబర్లు వేశారు. జవాబులిచ్చే బాధ్యత పేరయ్య మీద పడింది. మొట్టమొదటి ప్రశ్న 'పేరు?' అన్నది. ఆయన రూల్సు పుస్తకం తిరగేశాడు. పేరు పెట్టని శిశువు విషయంలో పేరు అనే ప్రసక్తి రాదని నాలుగో నిబంధన స్పష్టంగా చెబుతోంది. ముప్పై ఏళ్ల అనుభవం రంగరించి, నీలం సిరాతో గుండ్రంగా జవాబు రాశాడు.

'వర్తించదు.'

ఏజెన్సీ పంపిన కొత్త ప్రోగ్రామరు చెప్పింది చెప్పినట్టు చేసే మనిషి. ప్రశ్నార్థకం ఉన్న ప్రతిచోటా ప్రశ్నార్థకం తీసేసి, జవాబు పెట్టాడు. ఎడిటర్ దాని కిందా ఆకుపచ్చ గీత గీసింది. ధ్రువీకరణ అయిపోయింది. సోమవారం పొద్దున్న రాష్ట్రంలోని అన్ని ఆస్పత్రుల్లో కొత్త ప్రోగ్రాము మొదలైంది. మొదటివి దొంగనొప్పులని తేలి ఇంటికెళ్లిన మంజరికి ఆ సోమవారం మధ్యాహ్నమే ఆడపిల్ల పుట్టింది.

ఇరవై ఒకటో రోజు బారసాల. దొరబాబు బియ్యంలో ఉంగరంతో 'చామంతి' అని రాశాడు. పిల్లకి చామంతి రంగు వచ్చిందని అతని ముచ్చట. అత్తగారు సుభద్రమ్మ పిల్ల చెవిలో మూడుసార్లు చెప్పింది. పిల్ల తుమ్మింది, అందరూ శుభమన్నారు. పేరంటాళ్లకి శనగలు పంచుతుండగా, ముందురోజు పోస్టులో వచ్చిన సర్టిఫికెట్ కవరు విప్పారు. సుభద్రమ్మ కళ్లజోడు సర్దుకుని పైకి చదివింది.

"శిశువు పేరు, వర్తించదు. ఇదేం పేరే మంజరీ? మా వైపు వాళ్లెవరూ ఇలాంటిది పెట్టుకోలేదు. మీ వైపా?"

మంజరి కాగితం లాక్కుని చూసింది. ఒళ్లో పిల్ల మీదికి వంగి ఏడ్చింది. కోపంతో ఏడ్చింది. మూడు వేల చిల్లర వాక్యాలకి మెలికలు తిప్పింది ఇందుకా అని ఏడ్చింది. తర్వాత ముక్కు తుడుచుకుని, "స్కూటర్ తియ్యండి," అంది.

"ఇవాళ ఆదివారం," అన్నాడు దొరబాబు.

సోమవారం ఆఫీసు మెట్ల దగ్గరినుంచే వరస మొదలైంది. చంకల్లో పిల్లలు, చేతుల్లో పేరు మార్పు దరఖాస్తు కాగితాలు. ఆఫీసు గోడకి పత్రికా ప్రకటన అంటించి ఉంది. 'నవీన విధానము ప్రవేశపెట్టిన మూడు వారములలో పన్నెండు వేల నాలుగు వందల మంది తల్లిదండ్రులు తమ శిశువులకు వర్తించదు అను పేరును ఎంపిక చేసుకొనిరి. కులమత లింగ భేదము లేక ఒకే నామమును ఇంతమంది స్వీకరించుట జాతీయ సమైక్యతకు నిదర్శనమని కార్యదర్శి గారు హర్షము వెలిబుచ్చిరి.'

వరసలో ముందున్నామె పేరు గంగాభవాని. శ్రీకాకుళం వైపు మనిషి, ఇక్కడ మేస్త్రీ పనికొచ్చిన వాళ్ల తాలూకు. చంకలో బాబు. మంజరి చేతిలో పెన్ను చూసి దగ్గరికొచ్చింది.

"అమ్మా, పాత పేరు అని గడుందట. అందులో ఏటి రాయాలమ్మా? మావాడి పేరు గౌరినాయుడు. మరి కాగితంలో ఇదేటో పడిపోనాది."

"ఏం పడిందో అదే రాయండి," అంది మంజరి. తన కాగితంలోనూ అలాగే నింపి, కిటికీ దగ్గర పేరయ్యకిచ్చింది. పేరయ్య ఆమెని చూసి సంతోషపడ్డాడు, పాపని చూసి ఇంకా సంతోషపడ్డాడు, కాగితం చూసి నిట్టూర్చాడు.

"ఇది చెల్లదమ్మాయ్."

"ఏం?"

"పాత పేరు గడిలో వర్తించదు అని రాశావు. అంటే పాత పేరు లేనట్టు. పాత పేరే లేనప్పుడు మార్పు ఎలా చేస్తాం?"

మంజరి నోరు తెరిచింది. అరవాలనే తెరిచింది. కానీ అరవలేదు. ఆ ఆఫీసులో పది నెలలు పనిచేసిన మనిషి. గోడలోంచి చిన్న తలుపు తెరుచుకున్నట్టు కనిపించింది ఆమెకి.

"నిజమే కదండీ," అంది మెల్లిగా. "తప్పు నాదే. ఆ ముక్కే కాగితం మీద రాసిప్పించండి. ఈ శిశువుకి పాత పేరు లేదు, కనుక దరఖాస్తు తిరస్కరించడమైనది అని. డిప్యూటీ డైరెక్టరు గారి సంతకంతో."

తిరస్కరించడమంటే సర్వోత్తమరావు గారికి పెద్దగా ఆలోచించవలసిన పని కాదు. ఆకుపచ్చ పెన్ను తీసి, మంజరి చెప్పిన వాక్యం మీద ఇంకో రెండు 'మరియు'లు వేసి రాసి, సంతకం చేశారు. సిరా ఆరకముందే మంజరి ఆ కాగితం పట్టుకుని మళ్లీ కిటికీ దగ్గరికొచ్చింది.

"ఈ బిడ్డకి పేరు లేదని గెజిటెడ్ ధ్రువీకరణ ఉంది. అంటే పేరు గడి ఖాళీ. మొదటి నమోదు. ఒక కాగితం, ఒక పూట. రాయండి, చామంతి."

పేరయ్య ఆ ఆకుపచ్చ అక్షరాలని రెండుసార్లు చదివాడు. దానికి ఎదురు చెప్పడం ఆయన జన్మలో జరిగే పని కాదు. పేర్లు ఎక్కించే కొత్త తెర ఇంకా మంజూరు కాలేదు కాబట్టి పాత ఎడిటర్‌లోనే ఒక్కొక్క అక్షరం వెతుక్కుంటూ కొట్టాడు. చామంతి అనే మాట ఎడిటర్‌కి తెలియదు. కింద మెలికల గీత గీసింది. పేరయ్య చేతులు జోడించాడు.

"ధ్రువీకరణ కూడా పడిపోయిందమ్మాయ్. అదృష్టవంతురాలు."

మంజరి వెంటనే ఇంటికి వెళ్లిపోవచ్చు. వెళ్లలేదు. పాపని దొరబాబుకిచ్చి, మెట్ల మీద నిలబడి వరసలో ఉన్న అందరికీ చెప్పింది. "పాత పేరు దగ్గర వర్తించదు అనే రాయండి. తిప్పి పంపుతారు. ఎందుకు తిప్పారో పచ్చసిరాతో రాసిమ్మనండి. అది తీసుకుని మళ్లీ కిటికీకి రండి." గంగాభవానికి రెండుసార్లు చెప్పింది. ఆమె దగ్గర సర్టిఫికెట్ జిరాక్సు లేకపోతే, వీధి చివర కొట్టుకి పంపింది.

మధ్యాహ్నం దాకా ఆ ఆఫీసు ఎప్పుడూ చేయనంత పని చేసింది. సర్వోత్తమరావు గారు ఎడతెగకుండా తిరస్కరిస్తూనే ఉన్నారు. ఒక్క రోజులో ఇన్ని దరఖాస్తులు తోసిపుచ్చడం రికార్డని ఆయన మొహం వెలిగిపోయింది. నలభై ఇద్దరు పిల్లలకి పేర్లొచ్చాయి. జిరాక్సు కొట్టులో కరెంటు పోయి ఆలస్యమైన గంగాభవాని నలభై మూడో మనిషిగా కాగితం ముందు పెట్టింది. సర్వోత్తమరావు గారు పెన్ను ఆనించారు. గీత పడలేదు. విదిలించారు. మళ్లీ గీరారు. కాగితం చిరిగింది గానీ రంగు రాలేదు.

"సిరా అయిపోయింది. ఇండెంటు పెట్టండి," అన్నారు.

మంజరి బజారుకెళ్లి సీసా కొనుక్కొస్తానంది. బయటి సిరా వాడితే ఫోర్జరీ కిందికొస్తుందని ఆయన వారించారు. పేరయ్య ఇండెంటు రాశాడు. 'ఆకుపచ్చ సిరా, సీసా ఒకటి.' స్టోర్సుకి పట్టుకెళ్లి, అంతే వేగంగా తిరిగొచ్చాడు.

"సార్, ఇండెంటు మీద గెజిటెడ్ సంతకం కావాలంటున్నారు. ఆకుపచ్చ సిరాతో."

సర్వోత్తమరావు గారు పెన్ను వైపు చూశారు. పేరయ్య ఇండెంటు వైపు చూశాడు. డైరెక్టరు గారు టూరులో ఉన్నారు. మెట్ల మీద, మెట్ల కింద, రోడ్డు దాటి అవతల దాకా వరస అలాగే ఉంది. చంకలో బాబు ఏడుపందుకున్నాడు.

"మరి మా గుంటణ్ణి ఏ పేరెట్టి పిలవమంటారు బాబూ?" అని అడిగింది గంగాభవాని.

పేరయ్య కిటికీ రెక్క మూస్తూ, తలెత్తకుండానే జవాబిచ్చాడు.

"ప్రస్తుతానికి వర్తించదమ్మా."